నొప్పి భుజంలోనా, మెడ నరంలోనా?



"సిస్టర్ గారూ, రెక్క పీకేస్తోంది, కాస్త భుజం చూడండి" అంటూ మా ఓ.పి.కి తరచుగా వస్తుంటారు. అందరూ చేయి పెట్టి చూపించే చోటు ఒక్కటే. కాని నొప్పి పుట్టిన చోటు అందరికీ ఒకటి కాదు.

కొంతకాలం క్రితం ఇలాగే ఇద్దరు వచ్చారు. ఒకామె మన సంఘ సభ్యురాలు. 55 ఏళ్ళు, షుగరు ఉంది. ఎక్స్‌రేలో మెడ ఎముకలు అరిగాయని ఎవరో చెప్పగా 4 నెలలు మెడకు పట్టీ వేసుకొని తిరిగింది. నొప్పి తగ్గకపోగా చేయి పైకి లేవడం మానేసింది. రెండో ఆయన తాపీ మేస్త్రి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర కనబడి, కుడి జబ్బ నొప్పిగా ఉందన్నారు. పని ఎక్కువై పట్టేసిందనుకొని ఒక పూతమందు పేరు చెప్పి పంపించాను. చేయి పట్టుకొని చూడలేదు. 2 నెలల తర్వాత ఆయన ఓ.పి.కి వచ్చేసరికి మధ్యవేలు మొద్దుబారింది, చేతిలో బలం తగ్గింది. ఆమె జబ్బు భుజంలో ఉంది, ఈయన జబ్బు మెడలో ఉంది. నేను చేసిన ఆ పొరపాటే ఈ వ్యాసం రాయిస్తోంది.

ఎందుకీ తికమక?

మన మెడలో 7 ఎముకలు ఉంటాయి. అక్కడినుండి ఒక్కొక్క పక్కకు 8 నరాలు బయటికి వస్తాయి. వాటిలో 5వది మొదలు 8వది వరకు, వీపు పైభాగంలోని మొదటి నరంతో కలిసి, భుజానికీ చేతికీ వేళ్ళకూ పోతాయి. డిస్కు జరిగినా, ఎముక అంచు పెరిగినా ఆ నరం మెడ దగ్గరే నొక్కుకుపోతుంది. కాని నొప్పి చేతిలో తెలుస్తుంది. వీధి స్తంభం దగ్గర తీగ లూజైతే ఇంట్లో బల్బు మినుకుమంటుంది. అప్పుడు బల్బు మార్చి ఏమి లాభం?

మీరు చెప్పే మాటల్లోనే సగం తెలుస్తుంది

భుజం కీలు నొప్పి సాధారణంగా జబ్బ బయటి పక్కన ఉంటుంది. మోచేయి దాటి కిందికి దిగడం తక్కువ. తల దువ్వుకోవడం, వెనక హుక్కులు పెట్టుకోవడం, అటక మీది డబ్బా అందుకోవడం కష్టమవుతుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు.

మెడ నరం నొప్పి అయితే మెడనుండో, రెక్క ఎముక దగ్గరనుండో మొదలై చేతిలోకి జివ్వున దిగుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మెడ తిప్పినా, పైకి చూసినా ఎక్కువవుతుంది. కొందరికి చేయి ఎత్తి తలమీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. భుజం జబ్బు ఉన్నవారికి అలా పెట్టుకోవడమే కష్టం. అందుచేత "నొప్పి" అని ఊరుకోకుండా ఎక్కడినుండి ఎక్కడికి పోతోంది, ఏ వేలు తిమ్మిరిగా ఉంది, ఏ పని చేస్తే ఎక్కువవుతోంది అని వివరంగా చెప్పండి.

డాక్టరు గారు చేతితో ఏమి చూస్తారు?

రెండు భుజాలూ పోల్చి చూడాలి కాబట్టి పై బట్ట కొంచెం తొలగించవలసి వస్తుంది. ఆడవారు సిగ్గుపడనవసరం లేదు, తెర ఉంటుంది, సిస్టరు పక్కనే ఉంటారు.

మొదట మెడను అన్ని పక్కలకూ తిప్పమంటారు. తర్వాత తలను కొంచెం వెనక్కి, నొప్పి ఉన్న పక్కకు వంచి, పైనుండి మెల్లగా నొక్కుతారు. అప్పుడు నొప్పి చేతిలోకి దిగితే మెడలో నరం నొక్కుకుందని అనుమానించాలి. ఒక్క మెడలోనే నొప్పి వస్తే అది నరం గుర్తు కాదు. ఈ పరీక్ష ఇంట్లో ఒకరికొకరు చేయవద్దు.

తర్వాత భుజం. ముందు చేయిని మీ అంతట మీరు పక్కనుండి పైకి ఎత్తాలి. సుమారు 60 డిగ్రీల నుండి 120 డిగ్రీల మధ్యలోనే నొప్పి వచ్చి, పైకి వెళ్ళాక తగ్గితే భుజం చుట్టూ ఉండే కండర తాళ్ళు ఒరుసుకొని వాచాయని అనుమానిస్తారు. ఆ తర్వాత డాక్టరు గారు మీ చేయి పట్టుకొని తామే కదిలిస్తారు. మీరు ఎత్తలేనిది వారు ఎత్తగలిగితే తాడు తెగిందేమో, నరం బలహీనపడిందేమో చూడాలి. మీకూ రాక, వారికీ రాక, మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పినా కదలకపోతే భుజం బిగుసుకుపోయిందన్నమాట. దీనినే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువ.

చివరగా దూదితో వేళ్ళ స్పర్శ చూస్తారు. బొటనవేలు తిమ్మిరైతే 6వ నరం, మధ్యవేలైతే 7వది, చిటికెన వేలైతే 8వది అని ఒక అంచనా. మోచేయి వంచమని, చాచమని, వేళ్ళు బిగించమని బలం చూస్తారు. చిన్న రబ్బరు సుత్తితో తట్టి చేయి ఎంత ఎగురుతుందో గమనిస్తారు. మన మేస్త్రి గారికి భుజం అన్ని పక్కలకూ చక్కగా తిరిగింది. కాని మోచేయి చాచే బలం తగ్గింది, మోచేయి వెనక సుత్తితో తడితే చేయి కదలలేదు. అది 7వ నరం.

కొందరికి మెడ, భుజం రెండింటిలోనూ జబ్బు ఉంటుంది. అందుకే ఒకటి దొరికిందని రెండోది చూడడం మానరు.

మరి స్కానింగు?

"చేయి పట్టుకొని చూస్తే ఏమి తెలుస్తుంది, స్కానింగు రాయండి" అని కొందరు అడుగుతారు. వయసు పైబడితే తల నెరిసినట్లే మెడ ఎముకలూ అరుగుతాయి. ఏ నొప్పీ లేనివారి ఫిల్ములోనూ ఆ అరుగుదల కనిపిస్తుంది. అది చూసి మెడకు వైద్యం మొదలుపెడితే, మన సంఘ సభ్యురాలికి జరిగినట్లే, భుజం బిగుసుకుపోతుంది. చేతి పరీక్షలో కనిపించినదీ ఫిల్ములో ఉన్నదీ సరిపోలితేనే దానికి విలువ. బలం తగ్గుతున్నప్పుడు, నొప్పి వారాల తరబడి తగ్గనప్పుడు డాక్టరు గారే స్కానింగు రాస్తారు.

ఆలస్యం చేయకూడనివి

- చేయి నొప్పితో ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.
- చేతి పట్టు రోజురోజుకూ తగ్గడం.
- రెండు చేతులూ మొరటుబారి గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, మూత్రం అదుపు తప్పడం. ఇవి వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తులు.
- జ్వరంతో భుజం వాచడం, పడిన తర్వాత చేయి ఎత్తలేకపోవడం.

క్షౌరశాలలో మెడ విరిపించుకోవద్దు. తిమ్మిరి ఉన్నచోట వేడినీళ్ళ సంచి పెట్టవద్దు, కాలినా తెలియదు. సలహా లేకుండా నెలల తరబడి మెడ పట్టీ వాడవద్దు.

ఆమె షుగరు అదుపులో పెట్టుకొని, ఓపికగా వ్యాయామం చేసింది. దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు తన జడ తానే వేసుకుంటోంది. మేస్త్రి గారికి ఆపరేషన్ లేకుండానే బలం తిరిగి వచ్చింది. మెడ నరం నొప్పి చాలామందికి ఇలాగే తగ్గుతుంది. మధ్యవేలిలో మాత్రం ఇంకా కొంచెం మొద్దు ఉంది. ముందే చూసి ఉంటే అదీ ఉండేది కాదేమోనని నా మనసుకు అనిపిస్తుంటుంది.

ఇకమీదట చర్చి మెట్ల దగ్గర నన్ను అడిగితే మందు పేరు చెప్పను. "రేపు ఓ.పి.కి రండి, చేయి పట్టుకొని చూస్తాము" అంటాను. దయచేసి నొచ్చుకోవద్దు.

ప్రభువు మీకు ఆరోగ్యమును, నెమ్మదిని అనుగ్రహించును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్