సూర్యుడు మళ్ళేది ఒకనాడు, పండుగ ఇంకొకనాడు

ప్రతి సంవత్సరం డిసెంబరు 21వ తేదీనో, 22వ తేదీనో సూర్యుడు దక్షిణపు కొసకు చేరి ఉత్తరానికి మళ్ళుతాడు. సంవత్సరం మొత్తంమీద పగలు అన్నిటికన్న పొట్టిది ఆ రోజే. ఇంత పెద్ద సంగతి జరుగుతూ ఉంటే ఆనాడు మన ఇళ్ళలో పిండివంట లేదు, తలంటు లేదు, పిల్లలకు బడి సెలవైనా లేదు. ఇంకా మూడు వారాల పైచిలుకు ఆగి, జనవరి 14నో 15నో, ఉత్తరాయణ పుణ్యకాలం వచ్చిందని స్నానాలు చేస్తాం, తర్పణాలు విడుస్తాం, అరిసెలు వండుకుంటాం.

మా కాలేజీలో ఈ మాట ఏటా ఒకసారి చర్చకు వస్తుంది. భౌతికశాస్త్రం చెప్పే మిత్రులొకరు, "మీ పంచాంగం బండి ఇరవైనాలుగు రోజులు లేటండీ!" అని నన్ను ఆటపట్టిస్తారు. తెలుగు చెప్పేవాళ్ళే పంచాంగాలకు కూడా పూచీదారులని వారి నమ్మకం కాబోలు. నిరుడు మా తమ్ముడి కూతురు న్యూజెర్సీ నుంచి ఫోను చేసి ఇదే ప్రశ్న వేసింది. అక్కడ ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకి పోతుందట. "అత్తయ్యా, అసలు సంక్రాంతి ఇవాళే కదా? మరి జనవరి దాకా ఎందుకు ఆగాలి?" అన్నది. డిసెంబరు చీకటిలో కూర్చున్న పిల్లకు ఆ సందేహం రావడంలో వింత లేదు.

జవాబు చెప్పాలంటే కొంచెం ఆకాశంలోకి పోవాలి. భూమి బొంగరం వంటిది. తన చుట్టూ తాను తిరుగుతూనే, దాని ఇరుసు మెల్లగా ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 26 వేల ఏళ్ళు పడుతుంది. దీనివల్ల ఋతువులను బట్టి లెక్కించే సంవత్సరానికీ, నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరానికీ ఇరవై నిమిషాల తేడా వస్తుంది. మన సంక్రాంతి నక్షత్రాల లెక్క. ఏటా ఇరవై నిమిషాలంటే ఎవరికీ పట్టదు. కాని డెబ్భైరెండేళ్ళకు అది ఒక రోజవుతుంది. వివేకానందస్వామి 1863 జనవరి 12న పుట్టారు. ఆనాడు మకర సంక్రాంతి. ఇప్పుడది 14, 15 తేదీలకు వచ్చింది. (ఇంగ్లీషు లెక్కలో 1900 లీపు సంవత్సరం కాకపోవడం వల్ల కలిసిన రోజు కూడా ఇందులో ఉన్నది.) వెనక్కు లెక్కవేసుకుంటూ పోతే, సుమారు పదిహేను, పదిహేడు వందల ఏళ్ళ క్రితం సూర్యుడు మళ్ళడమూ, మకరంలో ప్రవేశించడమూ ఒక్క రోజునే జరిగేవి. ముందుకు పోతే, పదకొండు వేల ఏళ్ళు దాటేసరికి భోగిమంట జూను నెలాఖరు వానలలో వేసుకోవలసి వస్తుంది. ఆ తడిసిన పిడకల బాధ మనది కాదు కనుక వదిలేద్దాం.

ఇదంతా పాశ్చాత్యులు వచ్చి చెప్పేదాకా మనవాళ్ళకు తెలియదనుకోవడం పొరపాటు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ విషయమే ఎత్తుకున్నాడు. పూర్వశాస్త్రాలలో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట ఆరంభమైనట్లు చెప్పి ఉన్నది, ఇప్పుడు మకరం మొదట ఆరంభమవుతున్నది అని స్పష్టంగా రాశాడు. వేదాంగ జ్యోతిషంలో ఉన్నదీ ఆ ధనిష్ఠే. పెద్దలు చెప్పినదానికీ కంటికి కనిపించేదానికీ తేడా వస్తే ఏం చేయాలో కూడా ఆయనే చెప్పాడు: ప్రత్యక్షంగా పరీక్షించి చూసుకోమన్నాడు, పుల్ల పాతి నీడ కొలవమన్నాడు. శాస్త్రమంటే గౌరవమున్న మనిషి, కంటిమీదా గౌరవం ఉంచుకున్నాడు. ఈ కాలంలో రెండింటిలో ఒకదానిమీదనే గౌరవం ఉన్నవాళ్ళు ఎక్కువ.

ఈ పరీక్ష మన పిల్లలు మేడమీద చేయవచ్చు. మీటరు పొడుగు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టండి. విజయవాడ వంటి చోట డిసెంబరు 21న మధ్యాహ్నం పన్నెండు దాటిన అయిదారు నిమిషాలకు దాని నీడ 84 సెంటీమీటర్లు ఉంటుంది. సంక్రాంతినాడు పన్నెండుంబావుకు చూస్తే 78కి తగ్గుతుంది. ఆరు సెంటీమీటర్లు! సూర్యుడు ఉత్తరానికి నడిచిన దూరం గచ్చుమీద సుద్దముక్కతో గీసి చూపించవచ్చు. నీడలకన్న చిత్రమైనది ఇంకొకటి ఉన్నది. డిసెంబరు 21 కన్న సంక్రాంతినాడు పగలు అయిదారు నిమిషాలు పెద్దదే. కాని పెరిగినదంతా సాయంత్రం వైపే. పొద్దుట సూర్యుడు ఆనాటికన్న ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. అంటే భోగినాడు మనం చీకట్లో లేచి వేసే మంటకు, డిసెంబరు 21 నాటికన్న చీకటి ఎక్కువసేపే తోడుంటుందన్నమాట.

మరి తప్పు తెలిసింది కదా, పండుగను వెనక్కు జరపరాదా? ఈ ప్రశ్న సర్కారువారి దాకా పోయింది. 1952లో భారత ప్రభుత్వం మేఘనాథ సాహాగారి అధ్యక్షతన పంచాంగ సంస్కరణకు ఒక సంఘాన్ని వేసింది. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ఇంగ్లీషు తేదీ పక్కన శకసంవత్సరంతో కనిపించే తేదీ అదే. అందులో పుష్యమాసం డిసెంబరు 22న మొదలవుతుంది. అంటే సూర్యుడు మళ్ళడాన్ని సర్కారు పంచాంగం సరిగ్గానే పట్టుకున్నది. పండుగల దగ్గరకు వచ్చేసరికి మాత్రం సంఘంవారు తొందరపడలేదు. జరిగిపోయిన రోజులను వెనక్కు లాగవద్దు, ఇకముందు జరగకుండా ఆపుదాం అని మధ్యేమార్గం సూచించారు. పంచాంగకర్తలు ఆ మార్గమూ తొక్కలేదు. సంక్రాంతి తన ఇరవై నిమిషాల నడక తాను నడుస్తూనే ఉన్నది.

తేదీ జారడం మనకొక్కరికే పట్టిన దోషం కాదు. పూర్వం రోమునగరంలో డిసెంబరు 25ను సూర్యుడు మళ్ళే రోజుగా లెక్కించేవారు. వారి పంచాంగం జారిపోయింది; 1582లో దాన్ని సరిదిద్దిన తరువాత కూడా క్రిస్మసుకూ ఆ రోజుకూ మధ్య మూడు నాలుగు రోజుల ఎడం మిగిలే ఉన్నది. అందుకని క్రిస్మసును ఎవరూ జరపలేదు. సూర్యుణ్ణి విడవకుండా పట్టుకున్నవారూ ఉన్నారు. ఇరాన్‌లో ఆ దీర్ఘరాత్రిని యల్దా అంటారు. ఇంటిల్లిపాదీ పెద్దవారింట చేరి దానిమ్మపండ్లూ పుచ్చకాయలూ తింటూ, కవిత్వం చదువుకుంటూ మేలుకుంటారు. చీనావారు ఆనాడు ఉత్తరాన మాంసపు కుడుములు, దక్షిణాన బియ్యప్పిండి ఉండలు వండుకుంటారు.

నా మట్టుకు నాకు సంక్రాంతిని జరపనక్కరలేదనే అనిపిస్తుంది. లండనులో డిసెంబరు 21న పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. అటువంటిచోట సూర్యుడు మళ్ళితే ప్రాణం లేచివస్తుంది. మనకు ఎంత పొట్టి పగలైనా పదకొండు గంటలకు తగ్గదు. సూర్యుడు ఎక్కడికి పోయాడని తెలుగు రైతు ఎన్నడూ బెంగపెట్టుకోలేదు. ఆయన బెంగ అంతా వడ్లమీద. డిసెంబరు మూడో వారానికి సార్వా పంట కోతయినా, కుప్పలు నూర్చడం ఎక్కడ? గోదావరి జిల్లాలలో నూర్పిళ్ళు ముగిసి, ధాన్యం బండ్లమీద ఇంటికి చేరి, గాదె నిండేసరికి సంక్రాంతి వచ్చేది. అరిసెకు కొత్తబియ్యప్పిండి కావాలి. తెలంగాణంలో సకినాలకూ కొత్తబియ్యమే. పండుగ సూర్యుడి చేయి వదిలింది గాని, వడ్లగింజ చేయి వదలలేదు. పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, తర్పణాలు ఇవ్వడం కూడా ఇంట్లో నాలుగు గింజలున్నప్పుడే సాగుతుంది. అంపశయ్యమీద భీష్ముడు ఉత్తరాయణం కోసం కాచుకున్న కథ చెప్పుకుంటూనే, మన పెద్దలు కుప్ప నూర్చేదాకా కాచుకున్నారు.

పైగా ఆ పొట్టి పగలు మన పండుగకు వెలుపల పడిపోయిందా అంటే, అదీ లేదు. మా అత్తగారిది కోనసీమ. ఆవిడ లెక్కలో సంక్రాంతి జనవరిలో వచ్చేది కాదు, డిసెంబరు 16న నెలగంట పెట్టడంతో వచ్చేది. ఆనాటి నుంచి వాకిట ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, గొబ్బెమ్మలమీద గుమ్మడిపూలు. ఆ గొబ్బెమ్మలే ఎండి పిడకలై దండలుగా భోగిమంటలోకి పోయేవి. వైష్ణవాలయాల్లో రోజుకొక్కటి చొప్పున ముప్ఫై తిరుప్పావై పాశురాలు చదువుతారు గదా, సూర్యుడు మళ్ళేనాటికి ఆరోదో ఏడోదో నడుస్తూ ఉంటుంది. నిద్రపోతున్న చెలులను లేపే పది పాశురాలు మొదలయ్యేది ఆరోదానితోనే. ఇది కాకతాళీయమే, నేను దీనిమీద సిద్ధాంతవ్యాసం రాయబోవడం లేదు. కాని సంవత్సరంలో కెల్లా పొడుగైన రాత్రి తెల్లవారేవేళకు తెలుగుదేశంలో ఆడవాళ్ళు లేచి వాకిళ్ళలో ముగ్గులు వేస్తూ ఉండేవారన్నది నిజం. పేరు పెట్టుకోలేదు గాని, పండుగ చేసుకుంటూనే ఉన్నాం.

కనుక మన దిగులు తేదీ గురించి కాదు. ఈనాడు కోతయంత్రం పొలంలో ఒకవైపు కోస్తుంది, మరొకవైపు వడ్లు పోస్తుంది. అవి లారీ ఎక్కి పొలం నుంచే మిల్లుకు పోతాయి. ధాన్యం ఇంటిముఖం చూడదు. గాదె లేదు, పురి లేదు, వాకిట రాసి లేదు. రాసి లేకపోతే దాని చుట్టూ బతికినవాళ్ళ మాటేమిటి? హరిదాసు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవాడు, శంఖమూ గంటా పట్టుకుని వచ్చే జంగమదేవర, వీళ్ళంతా దోసిటిలోంచి జారిన గింజలతో నెల గడుపుకున్నవాళ్ళు. గంగిరెద్దు నొసట ఫోనుతో డబ్బు పంపే క్యూఆర్ బొమ్మ కట్టడం కూడా చూశాం. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ గంగిరెద్దులాయన తెలివిమీద గౌరవం కలిగింది. అదే పండుగలో కోడిపందాలకు చేతులు మారే డబ్బులో వందో వంతు ఇటు తిరిగినా ఆయనకు ఆ అవసరం ఉండేది కాదు.

మేముండేది విజయవాడలో ఇరవైనాలుగు వాటాల ఫ్లాట్లలో. నిరుడు నెలగంట మరునాడు హరిదాసును కాపలాదారు గేటు దగ్గరే ఆపేశాడు. ఏడు గంటల లోపల బయటివారిని రానీయరాదని మా సంఘం తీర్మానం. పాపం, అతనిదేం తప్పు? నెత్తిమీద అక్షయపాత్రతో ఉన్న దాసు ఎవరితోనూ మాట్లాడడు, పాత్ర ఇల్లు చేరేదాకా కింద దించడు. చిడతలు ఆపకుండానే వెనక్కు తిరిగిపోయాడు. బాల్కనీలోంచి చూసిన మా అత్తగారు ఆ పూట కాఫీ ముట్టలేదు. "నెలగంట పెట్టాక దాసుణ్ణి గుమ్మంలోంచి పంపేయడమేమిటమ్మాయ్!" అన్నారు.

ఆ ఆదివారం సంఘం సమావేశంలో విషయం ఎత్తాను. ఒకరు, నెలకింతని మెయింటెనెన్సు నిధిలోంచి ఇచ్చేద్దామన్నారు. ఇంకొకరు ఫోను నంబరు తీసుకుంటే ఎవరి ఇష్టం వారు పంపుకుంటామన్నారు. మంచి ఉద్దేశాలే. మా అత్తగారు ఊరుకోలేదు. "డబ్బిస్తే జీతమవుతుంది నాయనా. ఆయన జీతానికి వచ్చాడా? పసివాళ్ళు దోసిలి పట్టి పోయాలి, ఆయన వంగి పుచ్చుకోవాలి" అన్నారు. చివరకు పొద్దున్న అయిదున్నర నుంచి ఆరున్నర దాకా గేటు తెరవడానికీ, గేటు లోపల ఒకే ముగ్గు వంతులవారీగా వేయడానికీ ఒప్పుకున్నారు. మొదటిరోజు బియ్యం పట్టుకుని దిగినవి మూడు ఇళ్ళు. భోగినాటికి పదకొండయ్యాయి. దాసు మోకాళ్ళు వంచి కూర్చుంటే పిల్లలు పాత్రలో బియ్యం పోయడం, సగం కింద ఒలకడం, వాటికోసం పిచ్చుకలు రాకపోయినా పావురాలు రావడం, ఇదంతా బాగానే ఉన్నది.

పండుగనాడు స్వయంపాకం పుచ్చుకోవడానికి దాసు మధ్యాహ్నం పాత్ర లేకుండా వచ్చాడు. అప్పుడు మాట్లాడాను. తండ్రి తాత నుంచి ఈ వృత్తేనట. "మా అబ్బాయి ఆటో నడుపుతున్నాడమ్మా. పాత్ర ఎత్తుకోమంటే సిగ్గంటాడు. పక్క పేటలో మా అన్నగారి కొడుకు మోపెడుమీద మైకు పెట్టుకుని తిరుగుతున్నాడు. నా మోకాళ్ళు ఇంకో నాలుగేళ్ళు పనిచేస్తాయేమో" అన్నాడు. దుఃఖంగా చెప్పలేదు. కందిపప్పు, నెయ్యి, బెల్లం మూట కట్టుకుని, వచ్చే నెలగంటకు గేటు తీస్తారా అని మాత్రం అడిగాడు.

తీస్తున్నాం. ముగ్గు వంతుల పట్టిక లిఫ్టు పక్కన అంటించారు. మొదటిరోజు మూడో అంతస్తువారిది. డిసెంబరు 21 నేను అడిగి మరీ తీసుకున్నాను. ముగ్గుపిండి ఉన్నది. ఆవుపేడకు గోశాలలో చెప్పాం. గుమ్మడిపూలే ఇంకా దొరకలేదు. మా అత్తగారు కోనసీమకు ఫోను చేస్తున్నారు.