బొమ్మల పుస్తకము – బొమ్మల పెట్టె

సంధ్యవేళ దీపము వెలిగించి పొయ్యికడకు పోవు గృహిణికి, బిడ్డలు కొంతసేపు అల్లరి చేయక కూర్చుండుటకంటె గొప్ప సాయము లేదు. పూర్వ మీ సాయమును ఇంటి అవ్వ చేసెడిది. నేడు టెలివిజను పెట్టె చేయుచున్నది. ఆ పెట్టెలో ఆడు బొమ్మ లెక్కడనుండి వచ్చినవో, మన బిడ్డల మనస్సులలో నేమి విడిచిపోవుచున్నవో మన సోదరీమణులు తెలిసికొనుట మంచిదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ బొమ్మలలో ననేకములు మొదట పుస్తకములలో పుట్టినవే. అమెరికాలో సూపర్‌మ్యాన్ 1938వ సంవత్సరమున చిత్రకథా పత్రికలో జన్మించి, 1952లో టెలివిజను నెక్కెను. 1941లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వండర్ వుమన్ అను వీరనారిని సృజించెను. ఆమె కథామాలిక టెలివిజనులో వెలువడుట 1975లో గాని జరుగలేదు. వీరునకు పదునాలు గేండ్లు చాలినవి; వీరనారికి ముప్పదినాలు గేండ్లు పట్టినవి! జపానునందు షించాన్ 1990లో పత్రికలో మొదలై, రెండేండ్లకే తెరపైకి వచ్చెను. నేడు మన పిల్లలు వానిని పొరుగింటి బాలుని వలె ఎరుగుదురు.

మన దేశమునను ఈ మార్గము కలదు. ప్రాణ్ అను చిత్రకారుడు సృష్టించిన చాచా చౌదరి 2002 ప్రాంతమున టెలివిజను నాటకమయ్యెను; తలపాగాతో రఘువీర్ యాదవ్ ఆ వేషము ధరించెను. లోట్‌పోట్ అను హిందీ బాలల పత్రికలోని మోటు, పత్లు అను మిత్రులు 2012లో బొమ్మలాటగా మారి, ఆపై తెలుగు మాటలు కూడ నేర్చిరి. అమర చిత్రకథల పుట్టుక మాత్రము విపరీతముగ నున్నది. 1967లో ఢిల్లీ దూరదర్శన్ ప్రసారమైన యొక ప్రశ్నల పోటీని అనంత్ పాయ్ చూచుచుండెనట. అందు గ్రీకు పురాణములనుగూర్చి చెప్పగలిగిన పిల్లలు శ్రీరాముని తల్లి యెవరన్న జవాబు చెప్పలేకపోయిరి. ఆ బాధయే ఆ పుస్తకములకు బీజమయ్యెను. పెట్టె చూపిన లోటును పుస్తకము తీర్చినదన్నమాట.

టెలివిజను సంస్థలు చిత్రకథలను కోరుటకు కారణము స్పష్టమే. పుస్తకమును మెచ్చిన పిల్లలు ముందే యున్నారు. పాత్రల రూపు, వేషము, ఇల్లు, వాకిలి చిత్రకారుడు ముందే గీసి పెట్టినాడు. క్రొత్త కథకంటె ఇందు నష్టభయము తక్కువ. కాని పుస్తకమునకును తెరకును భేదము కలదు. పుస్తకములో ఒక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ నున్న ఖాళీని బిడ్డయే తన ఊహతో నింపుకొనును. వలసినచో పుట వెనుకకు త్రిప్పును. సందేహము కలిగిన తల్లి నడుగును. తెర ఆ ఖాళీని తానే నింపివేయును. నాలుగు పుటల కథతో ప్రతిదినము ప్రసారము సాగదు గనుక క్రొత్త సంఘటనలు వందలకొలది కల్పింపవలసి వచ్చును. అందుచే తిండి, పరుగు, కొట్లాట మాటిమాటికి వచ్చుచుండును.

దీనికి విరుద్ధమైన ప్రయాణము మన హైదరాబాదుననే జరిగినది. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ అను సంస్థ 2008లో ఛోటా భీమ్ అను బొమ్మలాటను తెచ్చెను. ఢోలక్‌పూరు బాలుడైన ఈ భీముడు లడ్డు తినినంతనే మహాబలుడగును. ఇతడు మొదట తెరపై పుట్టి, తరువాత పుస్తకములలోనికి వచ్చెను.

ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో నొక యింట మేము చూచిన ముచ్చట యిచ్చట చెప్పవలెను. ఎనిమిదేండ్ల బాలుడు ఆ బొమ్మలాట చూచుచు అవ్వ నడిగెను: “అవ్వా, లడ్డు తింటెనే భీముకు బలమొస్తది గద! మన జోడేఘాట్ భీము ఏం తింటుండె?”

అవ్వ చిక్కుడుకాయ లొలుచుచు, “మనం తిన్నదే తిన్నడు బిడ్డా, జొన్నగట్క. బలం లడ్డుల ఉంటదా? ఈ భూమి మాదన్న మాటల ఉంటది” అనినది.

అంతట బాలుడు పెట్టెను విడిచి ఆమె ప్రక్కకు చేరెను. జలము, అడవి, భూమి తమవని నిజాము ప్రభుత్వము నెదిరించి, 1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము ప్రాణము విడిచిన కథను ఆమె చిక్కుళ్లు ముగియువరకు చెప్పినది. మరునాడు బాలుడు పలకపై నొక బొమ్మ గీసెను. తలపాగా ధరించిన భీమునకు కుడిచేత తుపాకి, ఎడమచేత లడ్డు! తల్లి నవ్వి లడ్డును తుడువబోగా అవ్వ వారించి, “ఉండనీ, అడవిల ఆకలైతది” అనినది.

మేమును నవ్వితిమి గాని, పిదప ఆలోచనలో పడితిమి. కొమురం భీముని చలనచిత్రములలో చూచితిమి. కాని పిల్లల బొమ్మలాటలలో ఆతడు మాకు కనబడలేదు. ఉట్నూరునకు సమీపమున కేస్లాపూరులో పుష్యమాసపు అమావాస్యకు నాగోబా జాతర జరుగును. మెస్రం వంశీయులు కాలినడకన గోదావరీజలమును తెచ్చి పూజింతురు. ప్రధానులు కిక్రి వాయించుచు గోండు వీరుల గాథలను పాడుదురు. ఈ కథలలో సాహసము తక్కువయా? తెర యెక్కుటకు కావలసినదంతయు నున్నది. కాని టెలివిజను ముందే గీసియున్న కథ వైపునకు పోవునని పైన చెప్పితిమి. కావున గీయబడని కథ, అవ్వ నోటనే యున్న కథ, అవ్వతోనే పోవును.

సోదరీమణులారా! పెట్టెను కట్టివేయుడని మేము చెప్పుట లేదు. అది మీకిచ్చు అరగంట విశ్రాంతిని కాదనుటకు మా కధికారము లేదు. కాని బిడ్డ చూచు బొమ్మలాటకు మూలమైన పుస్తకము దొరకినచో తెచ్చి, ప్రక్కన కూర్చుండి చదివింపుడు. రెంటికి భేదమేమని అడుగుడు. వారమున కొకదినము అవ్వచేత నొక కథ చెప్పింపుడు. అది మీరు వ్రాయుడు, బిడ్డ బొమ్మలు గీయును. అణా ఖర్చు లేని ఈ చిత్రకథ మీ యింట భద్రముగ నుండును. అందలి వీరుని చేత లడ్డు ఉన్నచో ఉండనిండు.