మేధో వైకల్యం ఉన్నవారికి మతిమరుపు జబ్బు వస్తే: చూసుకునేవారికి ఏ శిక్షణ కావాలి, ఎక్కడ అడగాలి

ఈ సమాచారం ఎవరి కోసం?

మీ ఇంట్లో మేధో వైకల్యం (పాత కాగితాల్లో బుద్ధిమాంద్యం అని రాసి ఉంటుంది) ఉన్న కొడుకో, కూతురో, తమ్ముడో, చెల్లెలో ఉంటే ఇది మీ కోసమే. వారికి 35, 40 ఏళ్లు దాటితే తప్పకుండా చివరిదాకా చదవండి. ఇంట్లో చూసుకునే మనిషిని పెట్టుకున్నవారు, హాస్టల్ లేదా డే కేర్‌లో చేర్పించినవారు కూడా చదవాలి.

శిక్షణ ఎందుకు?

ఒక ఉదాహరణ చూడండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకామెకు 44 ఏళ్లు. ఇన్నాళ్లూ తన బట్టలు తానే మడతపెట్టుకునేది, ముగ్గు వేసేది. ఇప్పుడు జాకెట్ తిరగేసి వేసుకుంటోంది. మెట్లు దిగాలంటే భయపడుతోంది. స్నానానికి రమ్మంటే అరుస్తోంది. ఇంట్లోవాళ్లు "మొండితనం ఎక్కువైంది" అంటున్నారు. చూసుకునే మనిషి గదమాయిస్తోంది.

అది మొండితనం కాకపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి. మెదడులో పేరుకుని అల్జీమర్స్‌కు కారణమయ్యే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు ఆ క్రోమోజోమ్ మీదే ఉంది. అందుకే వారికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, మిగతావారికంటే చాలా ముందే, 40లు, 50ల్లోనే రావచ్చు. మొదట కనిపించేది మరుపే కానక్కర్లేదు. స్వభావం మారడం, వచ్చిన పని రాకుండా పోవడం, ఎప్పుడూ లేని ఫిట్స్ రావడం కూడా గుర్తులే.

ముందు డాక్టర్‌కి చూపించండి

మార్పు కనిపించగానే డిమెన్షియా అని తేల్చేయకండి. సరిచేయగల కారణాలు చాలా ఉన్నాయి:

• థైరాయిడ్ తగ్గడం (డౌన్ సిండ్రోమ్‌లో ఇది ఎక్కువ)
• చెవిలో గులిమి, వినికిడి తగ్గడం, కంట్లో శుక్లాలు
• బి12 లోపం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్
• పంటి నొప్పి, మలబద్ధకం వంటివి చెప్పుకోలేకపోవడం
• దిగులు, దగ్గరివారు చనిపోవడం
• వాడుతున్న మందుల ప్రభావం

"ముందు ఏం చేయగలిగేవాడు, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నాడు" అనేదే డాక్టర్‌కి ముఖ్యం. అందుకని ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి: అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, మాట్లాడటం. డౌన్ సిండ్రోమ్ ఉంటే 40 దాటాక ఏటా ఒకసారి పరీక్ష చేయించండి.

మంచి శిక్షణలో ఏం నేర్పాలి?

1. మాట: ఒకసారికి ఒకే మాట. "స్నానం చేసి, బట్టలు మార్చుకుని, టిఫిన్‌కి రా" అంటే అర్థం కాదు. తువ్వాలు చేతికిచ్చి "స్నానం" అంటే చాలు. జవాబు కోసం ఆగాలి.

2. పోయినవారిని అడిగినప్పుడు: "అమ్మ ఏది?" అని రోజూ అడుగుతారు. "మీ అమ్మ చనిపోయింది కదా" అని ప్రతిసారీ చెబితే, వారికి ప్రతిసారీ అది కొత్త వార్తే. మళ్లీ ఏడుస్తారు. "అమ్మ గుర్తొచ్చిందా? అమ్మ పులిహోర బాగా చేసేది కదా" అని దగ్గర కూర్చుని ఆమె ఫొటో చూపించాలి. అబద్ధం చెప్పక్కర్లేదు, గాయం రేపక్కర్లేదు.

3. తిండి: మింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, మెత్తగా కలిపి పెట్టాలి. పడుకోబెట్టి తినిపించకూడదు. తింటూ పొలమారుతుంటే డాక్టర్‌కి చెప్పాలి.

4. ఇల్లు: నల్ల పట్టా వారి కంటికి గొయ్యిలా కనిపించవచ్చు. బాత్‌రూమ్ తలుపు మీద బొమ్మ అంటించాలి. రాత్రి చిన్న లైటు ఉండాలి.

5. కోపం వచ్చినప్పుడు: నొప్పి ఉందా, ఆకలా, చప్పుడు ఎక్కువైందా అని ముందు చూడాలి. కట్టేయడం, గదిలో పెట్టి గడియ వేయడం, కొట్టడం తప్పు.

శిక్షణ ఎక్కడ?

• నేషనల్ ట్రస్ట్ వారి "సహ్యోగి" పథకం కేర్‌టేకర్లకు శిక్షణ ఇవ్వడానికే పెట్టింది. కోరితే తల్లిదండ్రులు కూడా నేర్చుకోవచ్చు. బ్యాచ్‌లు ఎప్పుడూ నడవవు కాబట్టి ముందు అడిగి వెళ్లండి.
• సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ (నీపిడ్) 1984 నుంచి ఉంది. కుటుంబాలకు సలహా కోసం అక్కడ అడగండి.
• మీ జిల్లాలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించండి.

మనిషిని పెట్టుకునే ముందు ఈ నాలుగూ అడగండి

• ఇలాంటివారిని ఇంతకుముందు చూసుకున్నారా?
• అన్నం వద్దంటే ఏం చేస్తారు?
• కొట్టడానికి వస్తే ఏం చేస్తారు?
• పొలమారితే, ఫిట్స్ వస్తే మొదట ఏం చేస్తారు?

"గట్టిగా అరిస్తే వింటారు" అన్నవారిని పెట్టుకోకండి. పెట్టుకున్నవారికి ఒక కాగితం ఇవ్వండి: ఇష్టమైన తిండి, పాట, భయపడేవి, నొప్పి వస్తే ముఖం ఎలా పెడతారు, వేసుకునే మందులు. హాస్టల్‌లో అయితే ఈ కాగితం ఫైల్‌లో పెట్టించండి. డ్యూటీ మారినా కొత్తవారికి తెలుస్తుంది.

ఈ కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి

• సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. యూడీఐడీ దరఖాస్తుకు ఫీజు లేదు. ఎవరికీ డబ్బులు ఇవ్వకండి.
• నిరామయ ఆరోగ్య బీమా: మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి రూ.1,00,000 వరకు. ముందుగా వైద్య పరీక్ష అక్కర్లేదు. గడువు దాటకుండా రెన్యువల్ చేయించండి.
• గార్డియన్ ఉత్తర్వు: 18 ఏళ్లు నిండితే చట్టం ప్రకారం వారు పెద్దవారే. వారి తరఫున సంతకానికి, ఆస్తి వ్యవహారాలకు గార్డియన్ అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. అమ్మానాన్న ఓపికగా ఉన్నప్పుడే ఈ పని పూర్తి చేసుకోండి.

ఫోన్ చేయండి

• వృద్ధుల హెల్ప్‌లైన్ (ఎల్డర్ లైన్): 14567
• మానసిక ఆరోగ్య సలహా (టెలి మానస్): 14416. చూసుకునేవారికి అలసట, దిగులు ఎక్కువైనా ఈ నంబరుకు చేయవచ్చు.

మీకు తెలిసిన ఇలాంటి కుటుంబం ఉంటే ఈ పీడీఎఫ్‌ను వారికి పంపండి. మీ ఇంట్లో చూసుకునే మనిషికి చదవడం రాకపోతే, "మంచి శిక్షణలో ఏం నేర్పాలి" అన్న భాగం మీరే చదివి వినిపించండి.