క్షయ, కుష్ఠు బీజముల కుటుంబము

మొక్కలకును జంతువులకును కుటుంబ విభాగము కలదని మన విద్యార్థులు నేర్చియున్నారు. కంటి కగపడని సూక్ష్మజీవులకును అట్టి విభాగమే కలదు. అందు మైకోబాక్టీరియేసీ యను ఒక్క కుటుంబమును గూర్చి ఇచ్చట వివరింప దలచితిమి. మానవజాతిని చిరకాలము పీడించిన క్షయ, కుష్ఠు వ్యాధుల బీజములు ఈ కుటుంబములోనివే.

1873వ సంవత్సరమున నార్వే దేశమందు హాన్సెన్ అను వైద్యుడు కుష్ఠురోగుల శరీరమునుండి తీసిన కణజాలములో సన్నని కడ్డీలవంటి జీవులను కనుగొనెను. 1882లో జర్మనీ దేశీయుడగు రాబర్ట్ కాక్ క్షయబీజమును లోకమునకు జూపెను. ఈ వ్యాధులకు పైకి పోలిక కానరాదు. ఒకటి ముఖ్యముగా ఊపిరితిత్తులను, మఱియొకటి చర్మమును నరములను చెఱచును. అట్లయ్యును వాని బీజములు జ్ఞాతులని యెట్లు తెలిసినది?

రంగు పరీక్ష ఈ సంగతిని తెలిపినది. గాజుపలకపై పరచిన సూక్ష్మజీవులకు ఎఱ్ఱరంగు నెక్కించి ఆమ్లముతో కడిగినచో, తక్కిన జాతులలో చాలవాని రంగు పోవును. వీని రంగు నిలుచును. వీని పైగోడయందు మైనమువంటి క్రొవ్వు దట్టముగా నుండుటయే కారణము. కుష్ఠుబీజమును మాత్రము మిక్కిలి పలుచని ఆమ్లముతో కడుగవలయును.

1896లో లేమన్, న్యూమన్ అను పండితులు ఈ రెంటిని మైకోబాక్టీరియ మను ఒకే ప్రజాతిలో చేర్చిరి. క్షయబీజములు ద్రవముపై బూజువలె పొరగట్టి పెరుగుటచే ఆ పేరు కలిగెను. మరుసటి యేడు చెస్టర్ అను నతడు కుటుంబమునకు పేరిడెను.

ఈ కుటుంబమున నూటికి మించిన జాతులు కలవు. పెక్కు జాతులు మన్నునందును నీటియందును నివసించును. పెంచినప్పుడు వారములోపల కనబడునవి శీఘ్రవృద్ధి గలవనియు, తక్కినవి మందవృద్ధి గలవనియు విభజింతురు. క్షయబీజము రెండుగా చీలుటకు సుమారు 20 గంటలు, కుష్ఠుబీజమునకు రమారమి 2 వారములు పట్టును. ఈ రెండవది ప్రాణిశరీరమునందే గాని ప్రయోగశాల పాత్రలలో పెరుగదు.

2018లో కొందఱు శాస్త్రజ్ఞులు జన్యువులను పోల్చి ఆ ప్రజాతిని ఐదుగా విభజించిరి. పేరులు మాఱినచో వైద్యులకు చిక్కు కలుగునని పలువు రాక్షేపించిరి. ఆ విభజనయందును క్షయ, కుష్ఠుబీజములు వేఱుపడక పాత ప్రజాతిలోనే నిలిచినవి.

ఈ బంధుత్వము వట్టి పేరుల ముచ్చట కాదు. రిఫాంపిసిన్ అను ఔషధము రెండు వ్యాధులకును పనిచేయుచున్నది. క్షయనివారణకై శిశువులకు వేయు బి. సి. జి. టీకా కుష్ఠునుండియు కొంత రక్షణ నిచ్చును. రెండు వ్యాధులకును నెలల తరబడి మందు తినవలయును, నడుమ మానరాదు.

కావున కుష్ఠు శాపము గాదు, పాపఫలమును గాదు. క్షయవలెనే బీజమువలన కలిగి, మందులచే కుదురు వ్యాధి. చికిత్స మొదలిడిన కొలదికాలమునకే రోగివలన ఇతరుల కంటదు. స్పర్శ తెలియని మచ్చ కనబడినను, దగ్గు రెండు వారములకు మించినను దాచక వైద్యునికి జూపవలయును. రోగిని వెలివేయుట తగదని పిల్లలును పెద్దలును గ్రహింతురుగాక యని మా కోరిక.