పొగగొట్టం వచ్చింది, మసి మిగిలింది

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు కోనిస్‌బరో కోట 12వ శతాబ్దం నాటిది. దాని బురుజు గోడలోనే పొయ్యినీ, పొగ పైకి పోయే దారినీ కలిపి కట్టారు. ఆ దేశంలో నేటికీ నిలిచి ఉన్న తొలి చిమ్నీల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. అంతకుముందు దొరలైనా పేదలైనా పొగలోనే చలి కాచుకున్నారు. ఇంటి నడుమ నెగడు, పైకప్పులో ఒక కంత. కొంత పొగ ఆ కంతలోంచి పోయేది. మిగిలింది దూలాల కింద తిరుగుతూ కప్పును నల్లగా పొగచూరుస్తూ మనుషుల కళ్లలోకీ గుండెల్లోకీ దిగేది.

చిమ్నీ మామూలు ఇళ్లకు చేరడానికి మరో 400 ఏళ్లు పట్టింది. విలియం హారిసన్ అనే మతగురువు 1577లో తన దేశాన్ని వర్ణిస్తూ పుస్తకం రాశాడు. తమ కాలంలో వచ్చిన పెద్ద మార్పుల్లో చిమ్నీలు ఇన్ని లేవడం ఒకటని ఊరి ముసలివాళ్లు అంటున్నారని అందులో చెప్పాడు. 1662 నాటికి అవి ఎంతగా పెరిగాయంటే, రెండో చార్లెస్ ప్రభుత్వం ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వేసింది. జనం దాన్ని ఛీకొట్టారు. 1689లో ఆ పన్ను ఎత్తేశారు.

చూడటానికి గోడలో భాగంలా ఉన్నా, చిమ్నీ అచ్చంగా యంత్రమే. ఇరుసూ చక్రమూ ఉండవు. దాన్ని నడిపేది వేడి ఒక్కటే. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 200 డిగ్రీలకు వేడెక్కిన గాలైతే అదే ఘనపు మీటరు సుమారు ముప్పావు కిలోయే తూగుతుంది. గొట్టం లోపల తేలికైన గాలి, బయట బరువైన గాలి. బయటి గాలి పొయ్యిలోకి తోసుకొస్తుంది, లోపలిది పొగను మోసుకుని పైకి పోతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపల ఎంత వేడి ఉంటే లాగుడు అంత బలం. ఇంటి నడిమధ్యన లేచిన చిమ్నీ చక్కగా లాగుతుంది. బయటి గోడకు ఆనించి కట్టింది చలికి చప్పున చల్లారి మొరాయిస్తుంది.

పొయ్యి రూపాన్నే మార్చిన మనిషి కౌంట్ రమ్‌ఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్, పుట్టింది అమెరికాలో. పొయ్యి లోతు తగ్గించమనీ, పక్కగోడలు ఏటవాలుగా పెట్టమనీ, పొగ పోయే గొంతు సన్నం చేయమనీ 1796లో రాశాడు. దాంతో వేడి గదిలోకి ఎక్కువగా వచ్చింది, పొగ వెనక్కి తన్నడం తగ్గింది.

కానీ పొగ పోయినంత తేలిగ్గా మసి పోదు. చిమ్నీ చరిత్రలో నన్ను నిలవనీయని భాగం ఇదే. లండన్ బొగ్గుకు అలవాటుపడ్డాక గొట్టాలు ఇరుకయ్యాయి. తొమ్మిది అంగుళాల చదరం ఉన్నవి కూడా కట్టారు. మూలమూలకూ వంపులు. వాటిలోకి పెద్దవాళ్లు పట్టరు గనక పిల్లల్ని ఎక్కించారు. ఐదారేళ్ల పసివాడు మోకాళ్లూ మోచేతులూ గోడలకు తన్నిపెట్టి, తల మీద బ్రష్షుతో గీకుతూ పైకి పాకేవాడు. రాలిన మసంతా వాడి మీదే పడేది. తోలు ఊడకుండా గట్టిపడాలని మోకాళ్లకూ మోచేతులకూ మంట దగ్గర కూర్చోబెట్టి చిక్కటి ఉప్పునీళ్లు రుద్దేవారు. 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్, ఈ పనివాళ్లకు వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని రాశాడు. చేసే పనికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యం గుర్తించడం అదే మొదలు.

పిల్లలతో పని లేకుండా చేసే సాధనం లేక కాదు. 1803లోనే జార్జ్ స్మార్ట్ గొట్టం తుడిచే బ్రష్షు యంత్రం తయారుచేశాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఒకదానికొకటి బిగించుకుంటూ పోయే బెత్తాలు, చివర గుండ్రటి బ్రష్షు. నేటి పనివాళ్ల చేతిలో ఉన్నది దాని వారసురాలే. వంపుల్లో బ్రష్షు ఆడదనీ, తివాచీలు పాడవుతాయనీ ఇళ్లవాళ్లు సాకులు చెప్పారు. 21 ఏళ్లు నిండనివాళ్లను గొట్టాల్లోకి ఎక్కించకూడదని 1840లో వచ్చిన చట్టాన్నీ పట్టించుకోలేదు. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి దగ్గరి ఒక ఆసుపత్రి చిమ్నీలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ల పిల్లాడు ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, కానీ ప్రాణం దక్కలేదు. అప్పుడు గానీ షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుదలకు పార్లమెంటు కదలలేదు. పోలీసుల లైసెన్సు లేనిదే చిమ్నీలు తుడిచే పని చేయకూడదని అదే ఏడాది చట్టమైంది. స్మార్ట్ బ్రష్షు వచ్చి అప్పటికి 72 ఏళ్లు. చిమ్నీ లాంటి యంత్రాన్ని కనిపెట్టి, దాన్ని శుభ్రం చేసే భారం నోరులేనివాళ్ల మీద వేస్తే ఆ కనిపెట్టడం సగమే అయినట్టు.

మన దగ్గరా ఈ సగం పని బెడిసికొట్టింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు 1950ల్లో మట్టితో పొగరాని పొయ్యి రూపొందించారు. పొగను వంటింటి బయటికి పంపే గొట్టం ఉన్న పొయ్యి అది. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి మెరుగైన పొయ్యిలను దేశమంతా పంచింది. వాటిలో చాలా మూలపడ్డాయి. గొట్టాలు మసి పట్టి పూడుకుపోవడం, తుడిచే ఏర్పాటు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు అమెరికాలో కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ ఉన్న ఇళ్లలో తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉంటున్నాయి. బొగ్గు పొగ కన్నా కట్టెపొగ మరో రకంగా మొండిది. అందులో నీటి ఆవిరీ తారూ ఉంటాయి. గొట్టం లోపలి పొగ సుమారు 120 డిగ్రీల కంటే చల్లబడితే అవి గోడకు అంటుకుంటాయి. అలా అంటుకున్న పూతనే క్రియోసోట్ అంటారు. మొదట అది చేత్తో రాలే నుసి. తర్వాత పెళుసైన పెంకులు. చివరికి నల్లటి గాజుపూతలా మెరుస్తుంది, బ్రష్షుకు లొంగదు. అప్పుడే నరికిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే వేడంతా పోతుంది, పొగ చల్లారి తారు పేరుకుంటుంది. తేమ 20 శాతం లోపుకు ఆరిన కట్టెలే కాల్చమనేది అందుకే. పేరుకున్న పూత రాజుకుంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీలు దాటగలదు. గొట్టం లోపల పరిచిన మట్టిపెంకులు పగులుతాయి, ఆ పగుళ్లలోంచి మంట ఇంటి కలపను అందుకుంటుంది.

చిమ్నీని ఏటా ఒకసారి పరీక్షించాలని అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. ఎక్కువమంది శరదృతువులో, మళ్లీ మంట వేసే ముందు పిలుస్తారు. చలికాలం వెళ్లగానే పిలవడం మేలని నా గట్టి అభిప్రాయం. వేసవి తేమ మసితో కలిస్తే ఆమ్లమవుతుంది, సున్నాన్నీ ఉక్కునూ తినేస్తుంది, ఇల్లంతా చేదు వాసన కొడుతుంది. ఇటుకల్లోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఒక్క చలికాలంలో ఎన్నోసార్లు గడ్డకట్టి కరగడంతో పైనున్న సిమెంటు కప్పు చీలుతుంది, అతుకుల్లో సున్నం పొడిగా రాలుతుంది. ఇటుకల మీద తెల్లటి ఉప్పుపూత కనిపిస్తే నీళ్లు లోపలికి దిగాయనే అర్థం. గొట్టం కప్పును చీల్చుకుని లేచే చోట వేసిన లోహపు రేకు లేచిందేమో చూడాలి. నేల మీద నిలబడి బైనాక్యులర్స్‌తో ఇంతవరకూ మనమే చూసుకోవచ్చు. లోపలి సంగతి కెమెరా దింపే పనివాడే తేల్చాలి. అంగుళంలో ఎనిమిదో వంతు మసి పేరుకుంటే తుడవాల్సిందేనన్నది వాళ్ల లెక్క.

ఇల్లు కొనేవాళ్లు రెండో స్థాయి పరీక్ష అడగాలి. ఇల్లు చేతులు మారినప్పుడు అది చేయించాలని ఎన్‌ఎఫ్‌పీఏ 211లోనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో మంట వేయకండి. గొట్టం మూసుకుపోతే ఆ వాయువు గదిలోకే వస్తుంది. రంగూ వాసనా ఉండవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

పనివాణ్ణి పిలవడానికి గడువు పెట్టేది ఒక పిట్ట. చిమ్నీ స్విఫ్ట్ చలికాలం అమెజాన్ ఎగువ ప్రాంతంలో గడిపి, వసంతంలో ఉత్తర అమెరికాకు వస్తుంది. పుల్లలను ఉమ్మితో గొట్టం గోడకు అంటించి గూడు కడుతుంది. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న ఆ గూడును కదపకూడదు, అవి ఎగిరిపోయేదాకా ఆగాలి. టెక్సాస్‌కు అవి మార్చిలోనే చేరతాయి, ఉత్తరాది రాష్ట్రాలకు ఏప్రిల్ ఆఖరుకో మేలోనో. డాలస్‌లో ఉన్నవాళ్లు ఫిబ్రవరి ఆఖరులోనే పని పూర్తి చేయించుకోవాలి. న్యూజెర్సీలో ఏప్రిల్ సగం దాకా వ్యవధి ఉంటుంది.