గేటు దగ్గర లెక్క

వ్యాపార భవనం తలుపు దగ్గర మూడు సంగతులు తేలాలి: వచ్చింది ఎవరు, ఎక్కడిదాకా వెళ్లవచ్చు, ఏ వేళలో వెళ్లవచ్చు. ఇనుప తాళానికి ఇవేవీ పట్టవు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే తెరుచుకుంటుంది. తాళంచెవి పోతే తాళమే మార్చాలి. నకళ్లు ఎన్ని తిరుగుతున్నాయో లెక్క ఉండదు, నిన్న రాత్రి తలుపు తీసింది ఎవరన్న ఆనవాలూ మిగలదు. ఈ మూడు ప్రశ్నలనూ తాళం నుంచి విడదీసి, జవాబు చెప్పే పనిని ఒక చిన్న కంప్యూటరుకు అప్పగించే ఏర్పాటే ఎలక్ట్రానిక్ ప్రవేశ నియంత్రణ. ఆఫీసుల్లో అందరూ దాన్ని యాక్సెస్ కంట్రోల్ అంటారు.

ముంబయిలో లోయర్ పరేల్, వర్లీ ప్రాంతాల్లో ఈ యంత్రాలు అడుగడుగునా కనిపిస్తాయి. అక్కడి అద్దాల మేడల్లో చాలావాటి కింద ఉన్నది బట్టల మిల్లుల నేల. జూపిటర్, ఎల్ఫిన్‌స్టోన్ మిల్లులు ఆఫీసు టవర్లయ్యాయి, ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. ఆ నేలతో తెలుగువాళ్లకు పాత చుట్టరికం ఉంది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల కూలీలు బొంబాయికి వచ్చి రోడ్లు వేశారు, భవనాలు కట్టారు. వాళ్లను కామాటీలు అన్నారు, వాళ్లు కాపురమున్న పేట కామాటిపుర అయింది. వాళ్ల తర్వాత వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాల దగ్గర చేరి, వర్లీ, పరేల్, నైగావ్‌లలోని చాల్‌లలో, అంటే వరుస గదుల ఇళ్లలో, స్థిరపడ్డారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ తర్వాత ఆ మిల్లుల్లో చాలావి మళ్లీ కోలుకోలేదు.

మిల్లు గేటు కూడా ఆ మూడు ప్రశ్నలే అడిగేది. మస్టరులో పేరు, ఖాతా, పాళీ రాసి ఉండేవి. భోంగా, అంటే మిల్లు సైరను, మోగేసరికి లోపల ఉండాలి. రానివాళ్ల బదులు పనిచేసే బద్లీ కార్మికులు గేటు దగ్గర నిలబడి, ఆ రోజు పని దొరుకుతుందో లేదో మేస్త్రీ అయిన జాబరు నోటి మాట కోసం చూసేవారు. ఆ మాట ఒక్కోసారి మామూళ్ల మీద, ఒక్కోసారి చుట్టరికం మీద ఆధారపడేది. చాల్‌లో పద్ధతి దీనికి పూర్తిగా వేరు. బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్‌లో గది 160 చదరపు అడుగులు, దాని ముందు అందరిదీ అయిన నడవ. పగలంతా తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. కొత్త ముఖం మెట్లెక్కితే 'ఎవరింటికి వచ్చారు?' అని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ ముఖ పరిచయమే తాళం. వేల మంది పనిచేసే టవరులో అంత పరిచయం కుదరదు కాబట్టి ఆ పని కార్డు చేస్తుంది.

మెడలో వేలాడే ఆ కార్డులో బ్యాటరీ ఉండదు. గోడ మీది రీడరులో ఒక తీగచుట్ట, కార్డు లోపల మరో తీగచుట్ట ఉంటాయి. పాత రకం రీడరు చుట్టూ అయస్కాంత క్షేత్రం సెకనుకు 1,25,000 సార్లు ఊగుతుంది. కార్డు దగ్గరికి రాగానే దాని చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మారే అయస్కాంత క్షేత్రం తీగలో విద్యుత్తు పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపించాడు, ఇక్కడ పనిచేసేదీ అదే సూత్రం. ఆ కాస్త శక్తితో కార్డులోని చిప్ మేలుకొని తన నంబరు చెప్పి మళ్లీ నిద్రపోతుంది.

ఇబ్బంది ఆ నంబరు చెప్పడంలోనే ఉంది. అడిగిన ప్రతి రీడరుకూ పాత కార్డు ఒకటే జవాబిస్తుంది. దొంగ రీడరు అడిగినా అంతే. దాన్ని విని ఖాళీ కార్డు మీదికి ఎక్కించడం క్షణాల పని. 13.56 మెగాహెర్ట్జ్ మీద నడిచే స్మార్ట్ కార్డులు ఈ లోపం తీర్చడానికి వచ్చాయి. వాటిలో లోకమంతా వాడింది 1994లో వచ్చిన మైఫేర్ క్లాసిక్. దాని రహస్య గణితాన్ని తయారుచేసిన కంపెనీ బయటపెట్టలేదు, అందులోని రహస్య తాళంచెవి పొడవు కూడా 48 బిట్లే. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో ఆ గుట్టు కొంత బయటపడింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మిగిలినది కూడా విప్పేశారు. ఇప్పటి మంచి కార్డులు గణితాన్ని దాచవు, తాళంచెవిని మాత్రమే దాస్తాయి. రీడరు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య విసురుతుంది. కార్డు తన రహస్య తాళంచెవితో దాన్ని మార్చి తిప్పి పంపుతుంది. చాటుగా విన్నవాడి చేతికి చిక్కిన జవాబు మరోసారికి చెల్లదు.

కార్డు మార్చినా రీడరు వెనకాల తీగ పాతదే ఉండిపోవడం మామూలు. చాలా భవనాల్లో రీడరు నుంచి కంట్రోలరుకు, అంటే మొదట చెప్పిన ఆ చిన్న కంప్యూటరుకు, నంబరు వెళ్లేది వీగాండ్ పద్ధతిలో. రెండు తీగలుంటాయి: ఒకదాని మీద స్పందన వస్తే సున్నా, రెండోదాని మీద వస్తే ఒకటి. ప్రామాణిక రూపంలో మొత్తం 26 బిట్లు. భవనం సంకేతానికి 8, కార్డు నంబరుకు 16, తప్పులు పట్టడానికి మిగిలిన రెండు. అంటే 256 భవన సంకేతాలు, ఒక్కో సంకేతం కింద 65,536 కార్డులు. ప్రపంచానికంతా ఇవే కాబట్టి రెండు ఊళ్లలో రెండు కార్డులకు ఒకే నంబరు పడటం వింతేమీ కాదు. పైగా ఆ తీగలో నంబరు ఏ ముసుగూ లేకుండా పోతుంది. రీడరు మరలు విప్పి తీగకు ఓ చిన్న పరికరం తగిలించినవాడు దాటిన ప్రతి కార్డునూ పట్టేయగలడు. రెండువైపులా మాట్లాడుకుని, మాటను గుప్తంగా పంపే ఓఎస్‌డీపీ అనే పద్ధతి 2020లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఖరీదైన కార్డులు కొని పాత తీగను అలాగే వదిలేయడమంటే వీధి తలుపుకు గడియ పెట్టి పెరటి తలుపు తీసి ఉంచడమే.

నిర్ణయం తీసుకునేది కంట్రోలరు. దాని జ్ఞాపకంలో ఒక పట్టిక ఉంటుంది: ఏ కార్డు, ఏ తలుపు, ఏ గంటలు. ఊడ్చి తుడిచేవాళ్లకు పొద్దున కొన్ని గంటలు, లెక్కల విభాగానికి తమ అంతస్తు, సర్వరు గదికి నలుగురైదుగురు. పట్టిక దగ్గరే ఉంటుంది కాబట్టి నెట్‌వర్క్ తెగినా తలుపులు పనిచేస్తాయి. ఇది ఓ విధంగా మస్టరే, జాబరు లేని మస్టరు. ముఖం చూసి కరుణించదు, ముఖం చూసి అనుమానించదు కూడా. కార్డు చెల్లితే ఎవరు పట్టుకొచ్చినా చెల్లుతుంది. ఒకరు తీసిన తలుపులోంచి వెనకవాడు దూరిపోతే దానికి తెలియదు. అందుకే కింది అంతస్తులో ఒక్కొక్కరినే వదిలే రెక్కల గేట్లు పెడతారు. లోపలికి వెళ్లినట్టు నమోదైన కార్డు బయటికి రాకుండానే మళ్లీ లోపలికి వస్తే ఆపే నియమం కూడా ఉంది.

ఇక తాళం. అద్దాల తలుపుల మీద ఎక్కువగా కనిపించేది విద్యుదయస్కాంతం. చౌకట్టుకు అయస్కాంతం, తలుపుకు ఇనుప పలక బిగిస్తారు. పెద్ద రకం సుమారు 540 కిలోల లాగుడును తట్టుకుంటుంది. కరెంటు ఆగితే ఆ పట్టు మాయమై తలుపు వదులైపోతుంది. మరో రకం తాళం దీనికి తలకిందులు, కరెంటు పోయినా బిగుసుకునే ఉంటుంది. ఏది ఎక్కడ పెట్టాలన్నది మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం. 2017 డిసెంబరు 29న లోయర్ పరేల్‌లోని కమలా మిల్స్ ఆవరణలో మంటలు రేగి 14 మంది చనిపోయారు. ఆ మంటలకూ ఈ తాళాలకూ సంబంధం లేదు, కానీ పొగలో దారి దొరకకపోతే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది. లోపలికి రావడానికి అనుమతి అడగవచ్చు, బయటికి పోవడానికి తలుపు ఎవరి అనుమతీ అడగకూడదు. అందుకే జనం బయటపడే దారిలోని తాళాలకు కరెంటును అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థ నేరుగా తెంచాలి, సాఫ్ట్‌వేరు జవాబు కోసం ఆగకూడదు. పక్కనే అద్దం పగలగొట్టి నొక్కే ఆకుపచ్చటి పెట్టె ఉండాలి.

కార్డు చేతులు మారుతుందన్న భయంతో వేలిముద్రల యంత్రాలు వచ్చాయి. అవి మామూలుగా వేలిముద్ర బొమ్మను దాచవు. వేలి గీతలు చీలే, ఆగిపోయే చోట్ల అమరికను అంకెలుగా దాస్తాయి. పోలిక ఎంత కచ్చితంగా ఉండాలో ఒక గీత గీయాలి. గీత పైకి జరిపితే సొంతవాళ్లు ఆగిపోతారు, కిందికి దింపితే పరాయివాళ్లు దూరిపోతారు. ఎక్కువగా ఆగిపోయేది సిమెంటు, సున్నం కలిపే చేతులు. ఆ క్షారం, ఇటుకల రాపిడి కలిసి గీతలను అరగదీస్తాయి. కామాటీల నాటి నుంచి నగరాన్ని కట్టిన కూలీల వేళ్లను ఈ యంత్రం గుర్తుపట్టలేకపోతుంది. కార్డు పోతే మరో కార్డు ఇస్తారు. వేలిముద్ర వివరాలు బయటికి పొక్కితే మరో వేలు ఇచ్చేవాళ్లు ఉండరు. ఈ సమాచారాన్ని సేకరించి దాచే సంస్థల బాధ్యతలను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్దేశించింది.

చిన్న దుకాణాలకు, గాలాలనే చిన్న వర్క్‌షాపులకు ఇంత హంగు అక్కర్లేదు. ఒకే డబ్బాలో రీడరు, పట్టిక, తాళాన్ని నడిపే రిలే అన్నీ ఇమిడినవి చవగ్గా దొరుకుతాయి. వాటిని కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. డబ్బా తలుపు బయట ఉంటుంది కాబట్టి దాన్ని గోడ నుంచి ఊడబీకి, వెనక తాళానికి వెళ్లే రెండు తీగలతో కాస్త తంటాలు పడితే కార్డు లేకుండానే తలుపు తెరుచుకుంటుంది. రిలేను విడిగా లోపలి గోడకు బిగించే రకం తీసుకుంటే ఆ దారి మూసుకుంటుంది.