పందెపు మోటారులు: నాటి వేగము, నేటి వేగము



హైదరాబాదు నుండి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాదునకును, అటుపైన బెంగుళూరునకును పోవు రాజమార్గమున రేయింబవళ్లు మోటారుబండ్లు పరుగిడుచుండుట మనకు నిత్యదృశ్యము. 2008వ సంవత్సరమున శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన పిదప ఈ రాకపోకలు మఱింత హెచ్చినవి. బాట ప్రక్క నిలిచి చూచు బాలురకు సహజముగా తోచు ప్రశ్న యొకటి కలదు: ఏ బండి అన్నిటికంటె వేగముగా పోవును? ఏ బండి యంత్రము పెద్దదో ఆ బండియే వేగముగా పోవునని మనలో పెక్కుమంది తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిజమో ర్యాలీ యను పందెపు చరిత్ర మనకు తెలుపగలదు.

ర్యాలీ యనగా బండ్లన్నియు నొక్కమారు బయలుదేరి వలయాకారమైన బాటను చుట్టివచ్చు పందెము కాదు. కొండదారులను, అడవిబాటలను ఇతరులు రాకుండ మూసివైచి, ఒక్కొక్క బండిని విడివిడిగా పంపి, పట్టిన కాలమును లెక్కింతురు. అట్టి భాగము లన్నిటికిని కలిపి తక్కువ కాలము పట్టినవాడే విజేత. కావున నిచ్చట అత్యధిక వేగముకంటె సగటు వేగమే ప్రధానము.

దీనిని చిన్న లెక్కచే గ్రహింపవచ్చును. ఒక కిలోమీటరు దారిలో సగము తిన్ననిది, సగము మలుపులు గలది యనుకొందము. మొదటి బండి తిన్నని దారిలో గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవును గాని, మలుపులలో 30కి తగ్గవలసియుండును. రెండవ బండి తిన్నని దారిలో 150కి మించదు గాని, మలుపులను 80తో దాటగలదు. మొదటిదానికి 9 సెకండ్లును 60 సెకండ్లును కలిసి 69 సెకండ్లు పట్టును. రెండవదానికి 12 సెకండ్లును 22½ సెకండ్లును కలిసి 34½ సెకండ్లే చాలును. అనగా సరిగా సగము కాలము! ఓడిన బండియే అధికవేగము గలది యగుట గమనింపుడు.

ఇక నాటి బండ్లను చూతము. మాంటికార్లో ర్యాలీ మొదటిసారి 1911లో జరిగినది. అప్పుడు బండి యొక్క అందమును, ప్రయాణికుల సౌఖ్యమును సైతము లెక్కకు తీసికొనిరి. 1913లో ఆల్ప్స్ పర్వతములలో జరిగిన పరీక్షయందు రోల్స్ రాయ్స్ సంస్థవారి సిల్వర్ ఘోస్ట్ బండ్లు గొప్ప పేరు గడించినవి. ఆ జాతి బండిని చూచుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. నిజాము ప్రభువుల కొఱకు 1912లో నిర్మింపబడిన పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ హైదరాబాదునందలి చౌమహల్లా రాజభవనమున నున్నది. దాని యంత్రము పరిమాణమున ఏడు లీటర్లకు మించినది. శక్తి మాత్రము సుమారు 50 అశ్వశక్తులు. ఆ నాటి బండ్లలో పెక్కింటికి ముందు చక్రములకు బ్రేకులు లేవు. బండిని ఆపునపుడు దాని బరువు ముందునకు వ్రాలును. కావున నేలపై ఎక్కువ పట్టు ముందు చక్రములకే యుండును. అట్టి చక్రములకే బ్రేకు లేనిచో, త్వరగా ఆపుట యెట్లు? త్వరగా ఆపలేనివాడు త్వరగా పోవుటకు సాహసింపలేడు గదా!

1964లో పాడీ హాప్‌కిర్క్ అను నతడు మినీ కూపర్ అను చిట్టిబండితో మాంటికార్లోలో గెలిచెను. దాని యంత్రము 1071 ఘనసెంటీమీటర్లు మాత్రమే. ముందు చక్రములచే లాగబడుటయు, తేలికగా మలుపు తిరుగుటయు దాని బలము. 1981లో స్వీడను దేశపు ర్యాలీలో హాను మికోలా నడిపిన ఆడి క్వాట్రో గెలుపొందెను. యంత్రశక్తిని నాలుగు చక్రములకును పంచి యిచ్చిన ఆ బండి మంచుమీదను నేలను గట్టిగా పట్టుకొనెను.

అటుపిమ్మట శక్తి కొఱకు పోటీ పెరిగెను. 1982లో వచ్చిన 'గ్రూపు బి' తరగతి బండ్లలో కొన్నిటి శక్తి 500 అశ్వశక్తులకు చేరువయ్యెను. బరువు సుమారొక టన్ను. 1986లో పోర్చుగల్ ర్యాలీయందు ఒక బండి జనులలోనికి దూసికొనిపోగా ముగ్గురు ప్రేక్షకులు మరణించిరి. ఆ యేడే మే 2వ తేదీని కార్సికా ద్వీపమున హెన్రీ తోయివోనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో లోయలో పడి మంటలలో అసువులు బాసిరి. ఆ సంవత్సరాంతముతో ఆ తరగతి ప్రపంచ పోటీలనుండి తొలగింపబడినది.

2017 నాటి నియమముల ప్రకారము యంత్రము 1.6 లీటర్లు, శక్తి సుమారు 380 అశ్వశక్తులు. గ్రూపు బి బండ్లకంటె శక్తి తక్కువయే. అయినను వేగము తగ్గలేదు. ఫిన్లండు ర్యాలీలో 2016లో క్రిస్ మీక్ గంటకు 126.60 కిలోమీటర్ల సగటు వేగముతో గెలిచెను. 2025లో కాలె రోవన్‌పెరా అచ్చటనే సుమారు 130 కిలోమీటర్ల సగటుతో గెలిచెను. దీనికి కారణములు: నేలను విడువని స్ప్రింగులు, మెత్తని టైర్లు, నాలుగు చక్రములకును గట్టి బ్రేకులు, గాలి ఒత్తిడిచే బండిని నేలకు అదుము రెక్కలు. ముందే వ్రాసికొనిన మలుపుల వివరములను ప్రక్కనున్న సహచరుడు క్షణక్షణము చదివి వినిపించును. కావున వేగము పెరిగినది యంత్రముచేతనే కాదు, పట్టుచేతను, నిగ్రహముచేతను.

ఈ నీతి మన దారికిని వర్తించును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకనునకు సుమారు 17 మీటర్లు పోవును. ఆపద కనబడి, బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టునేని ఆ 17 మీటర్లు వృథాయే. అటుపైన పొడిదారిలో మంచి బ్రేకులతో ఆగుటకు మఱి 20 మీటర్లు కావలెను, మొత్తము 37. వేగము 120 అయినచో మొదటి దూరము 33 మీటర్లు, రెండవది రెండింతలు గాక నాలుగింతలై 80 మీటర్లగును, మొత్తము 113! బండి యెంత నూతనమైనను, మనుజుని కన్నును కాలును 1911 నాటివే.

ర్యాలీ బండివాడు మూసిన దారిలో, ఇనుపగొట్టముల పంజరము నడుమ, శిరస్త్రాణము ధరించి, సహచరుని మాట వినుచు పోవును. మన రాజమార్గమును ఎవరును మూసివేయరు. దానిని పుస్తకములు చేతబట్టిన పిల్లలును, కూరగాయల గంపలు మోయు స్త్రీలును దాటుచుందురు. కావున నెవరైనను తన బండి వేగమును గొప్పగా చెప్పుకొనినపుడు, "అయ్యా, అది యెంత దూరములో ఆగును?" అని వినయముగా నడుగుడు. బండి యోగ్యతను తెలుపు ప్రశ్న అదియే.